మొదటి ఆవిడ సంగతేమిటి?

మా అక్క కూతురికి ముప్ఫై ఒకటో ఏడు నిండింది. దానికి సంబంధాలు చూసీ చూసీ మా బావగారి చెప్పులు అరిగాయే గాని పని కాలేదు. చివరికి ఆ పిల్లే తనంతట తాను ఒక సంబంధం చూసుకుంది. చూసుకున్న పిల్ల ఆ మాట మెల్లగా, ఒక్కొక్కరికీ విడిగా చెప్పొచ్చు గదా! అబ్బే. ఆదివారం పూజ అయ్యాక అందరం ఇంటికొచ్చి ఇడ్లీల ముందు కూచున్నప్పుడు చెప్పింది. మా అక్క చేతిలో పచ్చడి గిన్నె అలాగే గాల్లో ఆగిపోయింది. మా అమ్మ జపమాల తీసింది. బావగారొక్కరే గొంతు పెగుల్చుకుని, "అబ్బాయి పేరేమిటమ్మా?" అన్నారు.

పేరు చెప్పింది. ఇంకెవ్వరూ ఇడ్లీ ముట్టలేదు.

మాది నరసరావుపేట. మూడు తరాలుగా కాథలిక్కులం. అబ్బాయి ముస్లిం. మాచర్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తాడు. మా పిల్ల గురజాలలో టీచరు. బస్సులో పరిచయం. అంతటితో ఆగినా బాగుండేది. అతనికి ఇదివరకే పెళ్ళయింది. మూడేళ్ళ కిందట విడాకులయ్యాయి. ఏడేళ్ళ కూతురుంది. ఆ పిల్ల తల్లి దగ్గర, వినుకొండలో ఉంటోంది.

సాయంత్రానికల్లా ఫిరంగిపురం నుంచి మా పెదమామయ్య, రెంటచింతల నుంచి అక్క ఆడపడుచు దిగిపోయారు. ఇక చూస్కోండి ప్రశ్నలు! పిల్లకి బురఖా వేస్తారా? ఇంట్లో ఏం వండుతారు? పుట్టబోయే పిల్లలకి ఏం పేరు పెడతారు? చెల్లెలికి సంబంధాలొస్తాయా? వీధిలో తలెత్తుకుని తిరగడమెలా? "వాళ్ళకి నలుగురి దాకా చేసుకునే వీలుందటగా, ఇది రెండోది. మిగతా ఇద్దరూ ఎప్పుడొస్తారో!" అని అక్క ఆడపడుచు. పెదమామయ్య అన్నిటికంటే పెద్ద ప్రశ్న వేశాడు. "మనవాళ్ళు కానివాళ్ళకి ఇస్తామటే?"

ఈ 'మనవాళ్ళు' అనే మాటలో కాథలిక్కు మతం ఒక్కటే ఉందనుకునేరు. ఉంటే ఆ పిల్లకి ఎప్పుడో పెళ్ళయ్యేది. బుద్ధిమంతులైన కాథలిక్కు కుర్రాళ్ళవి రెండు సంబంధాలొచ్చాయి. కులం కలవలేదని మా బావగారే తిప్పి పంపేశారు. గుళ్ళో ఒకే సత్ప్రసాదం తీసుకుంటాం, సంబంధం దగ్గరికొచ్చేసరికి తాతల నాటి కులం ముందు నడుస్తుంది. అది మన ఇంటి గుట్టు. చెప్పకూడదు గాని చెప్పేశాను.

ఇదే పెదమామయ్య ఏటా కార్తీకంలో కారెంపూడి వీరుల తిరునాళ్ళ మాట వస్తే చాలు, మీసం దువ్వుకుంటాడు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్ళనీ ఒకే చాప మీద కూచోబెట్టి చాపకూడు పెట్టించాడనీ, మాలవాడైన కన్నమదాసుని కొడుకుగా చూసుకున్నాడనీ చెప్పి చెప్పి మమ్మల్ని పెంచినవాడాయనే. 2022లో పల్నాడు వేరే జిల్లా అయినప్పుడు కూడా ఇదే చెప్పుకుని మురిసిపోయాం. చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టడానికి మనకేం అభ్యంతరం లేదు. ఆ చాపే తీసుకొచ్చి పెళ్ళిపందిట్లో పరిస్తేనే ఒళ్ళు మంట. గుంటూరు దర్గాకి మొక్కుకుని మస్తానమ్మ, మస్తానరావు అని బిడ్డలకి పేర్లు పెట్టుకున్న హిందువుల ఇళ్ళు మన వైపు ఎన్ని లేవు? పేరు అరువు తెచ్చుకోవచ్చు. అల్లుణ్ణి మాత్రం తెచ్చుకోగూడదు.

ఇంతలో అక్క ఆడపడుచు ఉపాయం చెప్పింది. "ఆ అబ్బాయి చేత జ్ఞానస్నానం తీసుకునేట్టు చేస్తే పాత పెళ్ళి దానంతటదే పోతుందట!" అదే వారం అతని పిన్ని ఫోను చేసి మా పిల్లకి ఇంకో ఉపాయం చెప్పింది. "కల్మా చదివి పేరు మార్చుకో తల్లీ, ఏ గొడవా ఉండదు!"

చూశారూ, రెండు మతాలవాళ్ళూ ఎంత చక్కగా ఏకమయ్యారో! ఇద్దరికీ దేవుడి మీద నమ్మకంతో పనిలేదు. కాగితం మీద పేరు మారితే చాలు.

అప్పుడు నేను అడిగాను. "మొదటి ఆవిడ సంగతేమిటి?"

అందరూ నా మొహం చూశారు. "ఆవిడతో మనకేం పని? విడాకులయిపోయాయి గదా పిన్నీ!" అంది మా పిల్ల. నొచ్చుకుంది కూడా.

పాపం, దాన్నని ఏం లాభం? నా నవలలు చదివి పెరిగిన పిల్ల అది. నా నవలల్లో హీరోకి మొదటి భార్య ఉంటే ఆరో ప్రకరణం లోపల జబ్బు చేసి చచ్చిపోతుంది. చావకపోతే గయ్యాళి అవుతుంది. అలా రాస్తే నాకు పని తేలిక. జీవితంలో మొదటి భార్యలు అంత సులువుగా చావరు. వినుకొండలో జాకెట్లు కుట్టుకుంటూ, పిల్లకి స్కూలు ఫీజు కట్టుకుంటూ బతికే ఉంటారు.

ఆ తర్వాత ఈ విషయం మీద నేను కాస్త చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను. ఆశ్చర్యం ఏమిటంటే, పెళ్ళికి అడ్డం పడుతోందని మా పిల్ల తిట్టుకుంటున్న శ్రీసభే మొదటి ఆవిడ మాట ఎత్తింది. ముస్లింని చేసుకోవడం ఒక అడ్డంకి. దానికి బిషప్ గారు మినహాయింపు ఇవ్వగలరు. తన విశ్వాసం నిలుపుకుంటాననీ, పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించడానికి చేతనైనంతా చేస్తాననీ మా పిల్ల మాటివ్వాలి. పూర్వం ఇద్దరిచేతా మాట తీసుకునేవారు. 1970లో ఆరవ పౌలు పోపుగారు మార్చాక, కాథలిక్కు కానివాళ్ళు మాట ఇవ్వక్కర్లేదు, సంగతి తెలిసి ఉంటే చాలు. అసలు ముడి అది కాదు. అతని మొదటి పెళ్ళి ముస్లింల మధ్య జరిగిన నికాహ్ అయినా సరే, శ్రీసభ దాన్ని నిజమైన పెళ్ళిగానే లెక్కపెడుతుంది. తలాకుతోనూ పోదు, కోర్టు కాగితంతోనూ పోదు. ఆ పెళ్ళి సంగతి మేత్రాసనం విచారించి తేల్చేదాకా మా పిల్లకి గుళ్ళో పెళ్ళి లేదు.

ఎంత విడ్డూరం! ఒక ముస్లిం ఆడదాని పెళ్ళిని ఆవిడ మొగుడి తరఫువాళ్ళకంటే మా ఫాదర్ గారే ఎక్కువ గౌరవిస్తున్నారన్నమాట!

అక్క ఆడపడుచు చెప్పిన జ్ఞానస్నానం ఉపాయం కూడా ఆవిడ అనుకున్నంత సుళువు కాదు. అది విశ్వాసంతో వచ్చినవాడికి ఉన్న వెసులుబాటే గాని, పెళ్ళికోసం ముంచి తీసే స్నానం కాదు. అందులోనూ ముందు మొదటి భార్యని కబురుపెట్టి అడగాలి, నీ అభిప్రాయమేమిటని. ఎక్కడ తిరిగినా వినుకొండ గుమ్మం దగ్గరికే రావాలి.

అన్నిటికంటే నాకు నచ్చిందొకటుంది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 1071వ నిబంధన. మొదటి బంధం వల్ల ఒక మనిషికి గానీ, పిల్లలకి గానీ బాధ్యత పడి ఉన్నవాడి పెళ్ళి, బిషప్ గారి అనుమతి లేకుండా ఏ గురువూ జరిపించకూడదట. మతం సంగతి అడిగిన ఫాదర్ గార్లు ఎంతోమంది. "ఆ బిడ్డకి నెలనెలా డబ్బు పంపుతున్నావా నాయనా?" అని అడిగిన వారిని మాత్రం నేనింకా చూడలేదు. నిబంధన ఉంది, నోరే లేదు. శ్రీసభ మీద నా కోపం అక్కడ. పెళ్ళి ముడి ఉందా పోయిందా అని ఏళ్ళ తరబడి కాగితాలు తిరగేస్తారు. ఆ ముడిలో ఇరుక్కున్న ఆడమనిషి తిన్నదా లేదా అని ఒక్కరోజు అడగరు.

సరే, ముస్లింల సంగతి చూద్దాం. ఖురాన్‌లో రెండో సూరా 241వ ఆయత్ విడాకులైన స్త్రీకి న్యాయంగా ఇవ్వవలసింది ఇచ్చి పంపమనే చెబుతుంది. 1985లో షాబానో కేసులో సుప్రీంకోర్టు ఆ ఆయత్‌నే చూపించింది. దేశమంతా గగ్గోలు లేచి 1986లో వేరే చట్టం వచ్చింది. 2001లో సుప్రీంకోర్టు ఆ చట్టానికే అర్థం చెప్పి, ఇద్దత్ రోజులు గడిచేలోపల ఆవిడ ముందు బతుక్కంతటికీ సరిపోయే ఏర్పాటు చెయ్యాలంది. 2024 జులైలో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో, మిగతా స్త్రీల మాదిరే ముస్లిం స్త్రీ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం అడగొచ్చని తేల్చేసింది. ముమ్మారు తలాకు 2017లో కోర్టు చేతిలో పోయింది, 2019లో నేరమే అయింది. ఇన్నున్నా, కల్మా చదవమన్న ఆ పిన్నిగారు "ముందు మా పాత కోడలి లెక్క తేల్చండి" అనలేదు మరి!

అంటే మూడు పుస్తకాలు, శ్రీసభ చట్టం, ఖురాన్, దేశం చట్టం, ఒకే ప్రశ్న వేస్తున్నాయి. మన ఇళ్ళల్లో మాత్రం బురఖా సంగతీ, వంట సంగతీ మాట్లాడుకుంటున్నాం.

మీలో కొందరు, "అయితే నువ్వు ఈ పెళ్ళికి ఒప్పుకున్నట్టా?" అని అడుగుతారు. ముస్లిం కుర్రవాడనగానే 1927 నాటి చలంగారి 'మైదానం' గుర్తొచ్చి గుండెలు బాదుకునేవాళ్ళూ ఉంటారు. ఇక్కడ ఎవరూ ఎవరితోనూ లేచిపోవడం లేదు తల్లీ! ఇద్దరూ ఉద్యోగస్తులు. ఇద్దరికీ తమ తమ దేవుళ్ళున్నారు. నా మాట ఇంతే: మతం మార్చుకోవద్దు, దొంగ దారి వెతకొద్దు. గుళ్ళో కుదరకపోతే 1954 నాటి స్పెషల్ మేరేజి చట్టం ఉంది. నోటీసు పెట్టి ముప్ఫై రోజులాగాలి. ముగ్గురు సాక్షులు కావాలి. ఎవరి మతం వారిదే. మా అక్క ఆడపడుచు భయపడ్డ మిగతా ఇద్దరు భార్యలూ ఆ చట్టంలో రారు. ఒకరు బతికుండగా, విడాకులు లేకుండా, ఇంకొకరిని తెస్తే జైలే. ఉత్త నికాహ్‌తో సరిపెట్టుకుంటే మాత్రం, క్రైస్తవ స్త్రీ విషయంలో 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం దాన్ని చెల్లని పెళ్ళంటుంది. ఈ సంగతి ప్రేమలో ఉన్న ఏ పిల్లకీ ఎవరూ చెప్పరు.

ఖరీదు కూడా చెబుతాను, దాచను. రిజిస్ట్రారు ఎదుట పెళ్ళయితే శ్రీసభ మా పిల్లని వెలి వెయ్యదు. పూజకి రావచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు. సత్ప్రసాదం మాత్రం అందుకోలేదు. అందరూ లేచి వరసలో నిలబడ్డప్పుడు తను బల్ల మీద కూచుండిపోవాలి. మా అమ్మ పక్కనే. ఆ బాధ చిన్నదని నేననను.

ఇంకొక మాట. ఆ చట్టం కింద పెళ్ళయితే ఆస్తికి 1925 నాటి వారసత్వ చట్టం వర్తిస్తుంది. వీలునామా లేకుండా పోతే భార్యకి మూడో వంతు, మిగిలింది పిల్లలందరికీ సమానంగా. అందరికీ అంటే వినుకొండలో ఉన్న ఏడేళ్ళ పిల్లకి కూడా. ఈ లెక్క వినగానే మా పిల్ల నా వంక అదోలా చూసింది. అంతవరకూ ఆ చిన్నదాన్ని ఫోటోలో చూసి "ముద్దొస్తుంది పిన్నీ" అనేది. వాటాదారుగా చూడటం అదే మొదలు.

మొత్తానికి ఒకరోజు నేరుగా అతన్నే అడిగింది. మనిషి మంచివాడే. కాగితాలు తెచ్చి చూపించాడు. మెహర్ ఇచ్చేశాడు. విడాకులు సక్రమంగానే ఉన్నాయి. పిల్లకి నెలనెలా పంపే డబ్బు మాత్రం అయిదు నెలలుగా ఆగిపోయింది. ఎందుకాగిందంటే తలొంచుకుని, "మన కాపురానికని దాస్తున్నాను" అన్నాడట.

ఆ రాత్రి మా పిల్ల నా దగ్గరికొచ్చి పడుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరికి, "పిన్నీ, నా మంచం, నా బీరువా ఆ పిల్ల ఫీజు డబ్బుతో కొంటున్నాడా?" అంది. నేనేం చెప్పను? కొంటున్నాడు. ప్రేమతోనే కొంటున్నాడు. మన ఆడవాళ్ళకి వచ్చే చిక్కే అది. ఒకదాని చీరలో ఇంకొకదాని అన్నం ఉంటుంది, ఎవరూ చెప్పరు.

మర్నాడు అది అతనికి ఫోను చేసి, "ఆ అయిదు నెలలదీ ముందు కట్టెయ్యి. ఒక ఏడాదిపాటు తప్పకుండా కట్టు. అప్పుడు నోటీసు పెడదాం. మంచం లేకపోతే చాప మీద పడుకుందాం" అంది. కట్టేశాడు. ఇప్పటికి నాలుగు నెలలయింది, తప్పలేదు. మా అక్క ఇంకా ఏడుస్తూనే ఉంది. మా అమ్మ జపమాల తిప్పుతూనే ఉంది. పెదమామయ్య మా ఇంటికి రావడం మానేశాడు.

వస్తే ఒకటే అడుగుదామనుకుంటున్నాను. "మామయ్యా, బ్రహ్మనాయుడి చాప చాలా పెద్దదని చెప్పేవాడివి. ఆ చివర వినుకొండ పిల్లకి కాస్త చోటుంటుందా?"