ఎక్కడ ఆగిందో పెట్టెనే అడగండి

కలమల్లలో ఓ ఇల్లు అనుకుందాం. కడప జిల్లా ఎర్రగుంట్ల దగ్గరున్న ఈ ఊరిని చదువుకున్న తెలుగువాళ్లు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం ఇక్కడి చెన్నకేశవస్వామి గుడి ఆవరణలోదే. తెలుగులో దొరికిన తొలి శాసనం అదేనని చరిత్రకారులు చెబుతారు.

ఆ ఇంట్లో పెద్దాయన రిటైరైన తెలుగు పండితుడు. శాసనాల మీద ఏళ్లతరబడి రాసుకున్న నోట్సు ఆయన దగ్గర ఓ ట్రంకుపెట్టె నిండా ఉంది. కాగితాలు పొడిపొడి అయిపోకముందే అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించాలని ఆయన కోరిక. మనవరాలు ప్రొద్దుటూరులో డిగ్రీ చివరి ఏడాది చదువుతోంది. ప్రాజెక్టు రిపోర్టుకి ఆమెకీ కంప్యూటర్ కావాలి. ఇంట్లో ఒకటి ఉంది కూడా. 2013లో కొన్నది. చిక్కంతా దానితోనే!

అందులో ఉన్నది విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, 2017 తర్వాత వచ్చిన ప్రాసెసర్లు కావాలి. పాతది పనికిరాదు. దానికితోడు ఈమధ్య పెట్టిన పది నిమిషాలకే ఆగిపోతోంది. 'ఇది పోయింది, కొత్తది తీసుకోండి' అన్నది షాపువాళ్ల మాట. కొత్తదానికయ్యే డబ్బు మనవరాలి చివరి ఏడాది ఫీజుకని దాచింది. అందుకే ఆ పిల్ల లైనక్స్ వేసి చూద్దామని ఓ ఆదివారం పొద్దున్నే కూర్చుంది.

అసలు 'పోయింది' అన్న మాట దగ్గరే మనం తప్పు చేస్తాం. జ్వరం వచ్చినవాణ్ని పట్టుకుని పోయాడంటామా? కంప్యూటర్ ఎక్కడో ఒకచోట ఆగుతుంది, అంతే. ఆ చోటు ఏదో కనిపెడితే పని సగం అయినట్టే.

పది నిమిషాల తర్వాత ఆగిపోయేది సాధారణంగా వేడి వల్ల. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిష్ యూనిట్లు. ఆ పక్కనే 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం. దుమ్ముకి కొదవలేదు, ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రాసెసర్ మీది ఫ్యానుకీ దాని కింది అల్యూమినియం రెక్కలకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటే గాలి ఆడదు. వేడి హద్దు దాటగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి పెట్టెను ఆపేస్తుంది. ప్లగ్గు పూర్తిగా తీసేసి, మెత్తటి బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొడితే చాలావరకు పోతుంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోవాలి. ఆన్ చేయగానే బీప్ బీప్‌మంటూ తెర నల్లగా ఉండిపోతే చాలాసార్లు కారణం ర్యామ్. తీసి, దాని బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, మళ్లీ క్లిక్‌మనేదాకా నొక్కండి.

పెట్టె అరగంట ఆగకుండా నడిచింది.

వేసే ముందే పరీక్ష

లైనక్స్‌ని లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ విద్యార్థి 1991 ఆగస్టు 25న లోకానికి పరిచయం చేశాడు. దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు, పంచుకోవచ్చు. అంతకన్నా పనికొచ్చే గుణం ఇంకొకటుంది. ఉబుంటు, లైనక్స్ మింట్ లాంటివాటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, హార్డ్‌డిస్క్‌ని ముట్టుకోకుండానే నడిపి చూడొచ్చు. దీన్ని లైవ్ అంటారు. పెళ్లిచూపుల్లాంటిది! శబ్దం వస్తోందా, వైఫై కనబడుతోందా, ప్రింటర్ కదులుతోందా అన్నీ అప్పుడే చూసుకోవాలి. ప్రింటర్‌ని తప్పక చూడండి. కొన్ని పాత లేజర్ ప్రింటర్లు లైనక్స్‌తో ఒక పట్టాన మాట కలపవు.

లైవ్‌లో అన్నీ సరిపోయాక మనవరాలు 'ఇన్‌స్టాల్' నొక్కింది. మధ్యలో ఓ ప్రశ్న వచ్చింది: డిస్క్ మొత్తం చెరిపేసి వేయమంటారా, విండోస్ పక్కనే వేయమంటారా?

'ఇంగా నొక్కొద్దు పాపా! మీ జేజి ఫొటోలు యాడుండాయి?' అన్నాడు పెద్దాయన.

'దాంట్లోనే ఉండాయి జేజినాయనా.'

జేజి ఇప్పుడు లేదు. ఆ ఫొటోలకి ఇంకో కాపీ కూడా లేదు. పని అక్కడితో ఆపి, లైవ్‌లో నుంచే ఫొటోల ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్‌డిస్క్‌కి ఎక్కించి, నాలుగు ఫొటోలు తెరిచి చూసుకున్నాకే ముందుకి వెళ్లారు. ఈ మాట లావు అక్షరాల్లో అచ్చు వేయాల్సినంత ముఖ్యమైంది. డిస్క్ చెరిపే మీట నొక్కాక బతిమాలినా వెనక్కి రాదు.

విండోస్, లైనక్స్ రెండూ పక్కపక్కన ఉంచుకునేవాళ్లకి ఓ చిన్న తమాషా ఎదురవుతుంది. లైనక్స్ వాడి మళ్లీ విండోస్‌కి వెళ్తే గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతుంది. బ్యాటరీ అయిపోయిందని దాన్ని మార్చేస్తుంటారు. బ్యాటరీ తప్పేం లేదు. పెట్టెలోని గడియారాన్ని లైనక్స్ ప్రపంచ ప్రామాణిక కాలంగా చదువుతుంది, విండోస్ మన కాలంగా చదువుతుంది. రెంటికీ తేడా అయిదున్నర గంటలు. లైనక్స్‌ని కూడా స్థానిక కాలమే చూడమని చెబితే తగవు తీరుతుంది.

బావిలో పడిన తాడు

ఇక అసలు కథ నెట్‌ది. రౌటర్ ముందు వసారాలో ఉంది, కంప్యూటర్ వెనక గదిలో. పాత డెస్క్‌టాప్‌కి వైఫై ఉండదు కదా, యూఎస్‌బీకి తగిలించే చిన్న వైఫై బిళ్ల కొన్నారు. పెట్టారు. ఏమీ జరగలేదు. వైఫై బొమ్మే రాలేదు.

ఇక్కడ చాలామంది బిళ్లను పీకి, పెట్టి, మళ్లీ పీకి, చివరికి లైనక్స్‌ని తిట్టి లేచిపోతారు. అలా కాకుండా పెట్టెను అడగాలి. టెర్మినల్ అనే నల్ల కిటికీ తెరిచి ఎల్, ఎస్, యు, ఎస్, బి అని అయిదక్షరాలు కలిపి కొడితే, యూఎస్‌బీకి తగిలించిన వస్తువులన్నిటి జాబితా వస్తుంది. అందులో ఆ బిళ్ల ఉంది! అంటే పెట్టె దాన్ని చూసింది, మాట్లాడటమే రావడం లేదు. చూడకపోతే తప్పు బిళ్లదో, రంధ్రానిదో. చూసి కూడా మాట్లాడలేకపోతే లోపం డ్రైవర్‌ది. ఈ తేడా పట్టుకున్నవాళ్లకి సగం రోజు మిగులుతుంది. ఇంకా వివరం కావాలంటే డి, ఎం, ఇ, ఎస్, జి అనే మరో ఆజ్ఞ ఉంది. పెట్టె లేచినప్పటినుంచి తనకేం జరిగిందో వరసగా రాసుకున్న డైరీ అది. ముందు 'సుడో' అని చేర్చమంటే చేర్చండి. చివరి పది వరుసలు చదివితే చాలు.

డ్రైవర్ ఎక్కడుంటుంది? నెట్‌లో. నెట్ ఎలా రావాలి? ఆ బిళ్లతోనే! చేదతాడు బావిలో పడితే దాన్ని తీయడానికి ఇంకో తాడు వెతుక్కున్నట్టయింది. ఆ ఇంకో తాడు అందరి జేబుల్లోనూ ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌ని చార్జింగ్ వైరుతో కంప్యూటర్‌కి కలిపి, ఫోన్ సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే చాలు, ఏ డ్రైవరూ వేయకుండానే లైనక్స్‌కి నెట్ వచ్చేస్తుంది. వైరు మాత్రం డేటా మోసేది అయ్యుండాలి, చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చేవి కొన్నుంటాయి.

నెట్ వచ్చాక వెతకాల్సింది బిళ్ల మీది కంపెనీ పేరుతో కాదు, లోపలి చిప్ పేరుతో. పైన అదే పేరు, అదే డబ్బా, లోపల చిప్ మారిపోయి ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. కలమల్ల ఇంటి బిళ్లకి డ్రైవర్ మేనేజర్‌లో ఏమీ దొరకలేదు. మనవరాలు గంట పోరాడి వదిలేసింది. వదిలేయడమే మంచిదైంది. ఆ సాయంత్రమే ఇరవై మీటర్ల నెట్‌వర్క్ కేబుల్ కొనుక్కొచ్చారు. ఈ కేబుల్ వంద మీటర్ల వరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది.

పాతకాపులకి ఇది కొత్తేమీ కాదు. డయలప్ రోజుల్లో కంప్యూటర్ లోపల బిగించిన చవక మోడెములు సగం పనిని విండోస్‌తోనే చేయించుకునేవి. వాటికి విన్‌మోడెములని పేరు. లైనక్స్‌లో అవి చాలావరకు మూగవే. 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చాక కొన్ని మోడెములకి యూఎస్‌బీ, ల్యాన్ రెండు రంధ్రాలూ ఉండేవి. తెలిసినవాళ్లు అప్పుడూ ల్యాన్‌లోనే పెట్టేవారు.

కేబుల్ లాగారు, గోడ వెంట మేకులు కొట్టారు. అయినా పేజీ తెరుచుకోలేదు! అప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ చూశారు.

ముందు దీపం. కేబుల్ దూరే రంధ్రం పక్కన చిన్న లైటు ఉంటుంది. అది వెలగకపోతే ప్రపంచంలోని ఏ సాఫ్ట్‌వేరూ మీకు సాయం చేయలేదు. కేబుల్ చివరి క్లిప్పు విరిగిందేమో, ఎలుక కొరికిందేమో, రౌటర్‌లో మరో రంధ్రంలో పెడితే ఏమంటుందో చూడాలి. ఇక్కడ దీపం వెలిగింది.

తర్వాత చిరునామా. తెర మూలన నెట్‌వర్క్ బొమ్మ నొక్కి కనెక్షన్ వివరాలు చూస్తే 192.168తో మొదలయ్యే నంబరు ఉంది. ఇళ్లల్లో రౌటర్ ఇచ్చే నంబర్లు ఎక్కువగా అలాగే ఉంటాయి. అంటే రౌటర్ పలికింది. నంబరే రాకుండా 'కనెక్ట్ అవుతోంది' అంటూ తిరిగి తిరిగి ఆగిపోతే రౌటర్‌ని ఓసారి ఆపి పెట్టాలి.

ఆ తర్వాత పిలుపు. టెర్మినల్‌లో పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ నంబరు ఇస్తే పెట్టె దాన్ని కేకేస్తుంది. జవాబు రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. విండోస్‌లో నాలుగుసార్లు పిలిచి ఊరుకుంటుంది గానీ, లైనక్స్‌లో మనం కంట్రోల్, సి కలిపి నొక్కేదాకా పిలుస్తూనే ఉంటుంది. రౌటర్ పలికింది. ఈసారి ఇల్లు దాటి 8.8.8.8ని పిలిచారు. అది గూగుల్ నడిపే సర్వర్. అదీ పలికింది!

'మరి అంతా బాగుంటే నెట్ ఎందుకు రాలేదు పాపా?'

'అదే జేజినాయనా, నంబరు చెబితే పోతాండాది, పేరు చెబితే తెలీదంటాండాది.'

పోస్ట్‌మన్‌కి డోర్ నంబరు చెబితే వెళ్తున్నాడు, మనిషి పేరు చెబితే తికమకపడుతున్నాడన్నమాట. పేర్లను నంబర్లుగా మార్చిపెట్టే ఏర్పాటును డీఎన్ఎస్ అంటారు. రౌటర్ చూపించే డీఎన్ఎస్ పనిచేయడం లేదు. కనెక్షన్ సెట్టింగుల్లో ఐపీవీ4 కింద డీఎన్ఎస్ అని రాసి ఉన్న గడిలో ఆటోమేటిక్‌ని తీసేసి 8.8.8.8 అని నింపి, కనెక్షన్ ఓసారి ఆపి పెట్టారు. పేజీ తెరుచుకుంది. 'నెట్ పోయింది' అని ఫోన్ చేసి ఉంటే మెకానిక్ వచ్చేదాకా రెండు రోజులు!

అక్షరం బదులు గడి

మిగిలింది తెలుగు. లైనక్స్‌కి తెలుగు కొత్త కాదు. హైదరాబాద్ నుంచి స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ని 2005లోనే తెచ్చింది. సీ-డాక్ బాస్ లైనక్స్ 2007లో వచ్చింది. టైపు చేయడానికి సెట్టింగుల్లో కీబోర్డు దగ్గర తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేవాళ్లు ఐబస్‌తో పాటు ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేసుకోవాలి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్‌టీఎస్ పద్ధతి అందులో ఉంది. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కొట్టించిన ఫైళ్లు తెరిస్తే మాత్రం పిచ్చి గీతలే కనిపిస్తాయి. అవి యూనికోడ్ కావు, ముందు మార్పిడి చేయించుకోవాలి.

పెద్దాయన మొదటి పేజీ కొట్టడం మొదలుపెట్టారు. రెండో వరుసలో ఆగారు. ఆయన నోట్సులో ఉన్న అక్షరం కీబోర్డులో లేదు. తమిళులు తమ భాష పేరు చివర పలికే ధ్వనికి తొలినాటి తెలుగు శాసనాల్లో వాడిన గుర్తు అది, 'ఴ'. తర్వాత్తర్వాత వాడుకలోంచి జారిపోయింది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, ఈ ఒక్క అక్షరం చేరింది 2014లో.

మనవరాలు అక్షరాల పట్టిక ప్రోగ్రామ్ తెరిచి, తెలుగు వరుసలో దాన్ని వెతికి అతికించింది. తెర మీద ఖాళీ గడి పడింది.

'ఇదీ పోయిందా?' అన్నాడాయన.

పోలేదు. అక్షరం ఫైల్లో భద్రంగానే ఉంది, దాని బొమ్మ ఆ ఫాంట్‌లో లేదు, అంతే. 2014కి ముందు తయారై, తర్వాత సవరించని ఫాంట్లలో అది ఉండే అవకాశం తక్కువ. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో తెలుగు ఫాంట్లు వెతికి, కొత్తది ఒకటి దించుకుని, ఆ వాక్యానికి మార్చింది. గడి పోయి ఴ వచ్చింది. పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని, పేజీని ఇంకాస్త పెద్దది చేయమన్నాడు.