టవర్ కూలితే ఫోన్ మూగబోవాలా?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరం దాటినప్పుడు చెట్లు, కరెంటు స్తంభాలతో పాటు సెల్ సిగ్నళ్లూ పోయాయి. నాలుగు వీధుల అవతల ఉన్న అక్క ఎలా ఉందో తెలుసుకోవాలన్నా కూలిన కొమ్మలు దాటుకుంటూ నడిచి వెళ్లాల్సిందే. అక్క చేతిలోనూ తమ్ముడి జేబులోనూ వైఫై ఉన్న ఫోన్లే. టవర్ లేకుండా అవి ఒకదాన్నొకటి పలకరించుకోలేవు, అంతే.

పలకరించుకోనివ్వలేదు అనడమే సబబు. 2010 జనవరిలో హైతీ భూకంపం తర్వాత ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు పాల్ గార్డ్‌నర్ స్టీఫెన్ ‘సర్వల్’ ప్రాజెక్టు మొదలుపెట్టారు. అందులో ఇటుకల బారులో నిలబడ్డ కూలీల్లా మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లే మాటను చేతులు మార్చుకుంటూ పోతాయి. ఆ ఏడాదే ఆర్కరూలా అనే మారుమూల చోట టవర్ లేకుండా మాట్లాడి చూపించారు. అయితే ఫోన్ లోపలి తాళాలు తీసి ‘రూట్’ చేస్తే తప్ప, ఫోన్లు నేరుగా కలుసుకునే ఈ అడ్‌హాక్ వైఫైకి ఆండ్రాయిడ్ దారి ఇవ్వదు. తుపాను రాత్రి ఆ పని ఎవరికి చేతనవుతుంది?

అసలు పీటముడి బ్యాటరీ దగ్గరుంది. ఇలాంటి నెట్‌వర్క్‌లో ప్రతి ఫోనూ తన మాటతో పాటు పొరుగువాళ్ల మాటా మోయాలి. ఎవరూ మాట్లాడకపోయినా రేడియో చెవులు రిక్కించుకునే ఉండాలి. కరెంటు లేని ఊళ్లో ఆ కాపలాకే ఛార్జింగ్ కరిగిపోతుంది. పైగా మాటను పంపే పద్ధతే దుబారా. గొంతును కుదించే జీ.729 కోడెక్‌తో 20 మిల్లీసెకన్లకో ప్యాకెట్ పంపితే అందులో మాట 20 బైట్లు, దాని చిరునామా, వరుస నంబర్ల బరువు 40 బైట్లు. పావలా కోడికి ముప్పావలా మసాలా! మూడు ప్యాకెట్ల మాటను ఒకే మూటలో కడితే రేడియోకు పని తగ్గుతుంది, మాట కాస్త ఆలస్యమవుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకుంటే మంచిదన్నది అంతర్జాతీయ టెలికం సంఘం కొలత.

దాటితే దాటనివ్వాలి. వరదలో చిక్కిన మనిషికి స్టూడియో గొంతు అక్కర్లేదు. ‘బడి మేడ మీద ఉన్నాం, పిల్లలు క్షేమం’ అన్నది అర్థమైతే చాలు. ఆస్ట్రేలియాకే చెందిన డేవిడ్ రో తయారుచేసిన ‘కోడెక్ 2’ సెకనుకు 700 బిట్లతోనూ మాట వినిపిస్తుంది. పాత ల్యాండ్‌లైన్ స్థాయి జీ.711కు 64,000 బిట్లు కావాలి. గొంతు రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంటుంది, నిజమే. తెల్లారేదాకా ఫోన్ బతికి ఉండటం అంతకన్నా ముఖ్యం. టవర్ లేని ఈ కాల్ సదుపాయాన్ని ఎప్పుడూ తెరిచి ఉంచాల్సిన పని కూడా లేదు. తుపాను హెచ్చరిక అందినప్పుడు మేల్కొంటే సరి.

2017 నుంచి అమ్మే ప్రతి ఫోన్‌లో ప్యానిక్ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఎఫ్ఎం రేడియోను మూసిపెట్టొద్దని 2023లో కంపెనీలకు సలహా ఇచ్చింది. టవర్ లేని కాల్ విషయంలో సలహా సరిపోదు, నిబంధనే రావాలి. బంగాళాఖాతంలో వచ్చే వాయుగుండం లోపు ఆ ఫైలు కదిలించండి.