అక్షరమునకు హద్దు

ఉంగుటూరు అను పేరులో అక్షరములెన్ని? ఆ ఊరి బడిలో రెండవ తరగతి పిల్లవాని నడిగినచో వ్రేళ్లు మడచి నాలుగని చెప్పును: ఉం, గు, టూ, రు. అదే ప్రశ్న కంప్యూటరు నడిగినచో ఎనిమిదనును. ఉకారము, సున్న, గకారము, కొమ్ము, టకారము, కొమ్ముదీర్ఘము, రకారము, మరల కొమ్ము. 1991లో వెలువడిన యూనికోడ్ పట్టికలో తెలుగునకు చోటు దొరకిన నాటినుండి వీనికి వేరువేరు సంఖ్యలు కలవు. కంప్యూటరు చెప్పినది అబద్ధము కాదు. కొట్లో సరకు దాచువాడు బస్తాలు లెక్కించును, వడ్డించువాడు విస్తళ్లు లెక్కించును. చిక్కెల్లను కొట్టువాని లెక్కను తెచ్చి పంక్తిలో కూర్చున్నవాని ముందు పెట్టుటలో నున్నది.

ఆ పని ప్రతిదినమును జరుగుచున్నది. ప్రోగ్రాములు వ్రాయువారు తమ కోడును ఎడిటరు అను పనిముట్టులో వ్రాయుదురు. (దీనికిని, పత్రికా కార్యాలయములో కూర్చుండు ఎడిటరునకును పేరొక్కటే చుట్టరికము.) ఆ పనిముట్టుతో వారు కొత్తగా వ్రాయునది తక్కువ, వ్రాసినదానిలో ఒక భాగమును ఎంచుకొని తీసివేయుట, మార్చుట, వేరొకచోటికి తరలించుట ఎక్కువ. ఎంచుకొనిన భాగము మీద ఒక రంగు పట్టి పడును. ఆ రంగు ఎంతవరకు పడినదో అంతవరకే తరువాతి మీటకు అధికారము. కావున రంగు అంచు ఎక్కడ నిలిచినదనునది చిన్న ప్రశ్న కాదు. కొల్లేటి వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1999లో సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున నున్న కాంటూరును హద్దుగా చేసి సరస్సును అభయారణ్యముగా ప్రకటించిరి. ఆ గీతకు లోపలి చెరువునకును వెలుపలి చెరువునకును ఎంత భేదమో, 2006లో చేపల చెరువుల గట్లు తెగగొట్టిననాడు వారు కన్నులార చూచిరి.

ఎంచుకొను ఈ పద్ధతి నేడున్న రూపములో పుట్టినది ప్రోగ్రామరుల కొరకు కాదనుట చాలమంది ఎరుగరు. 1970 దశకము నడుమ, జెరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయములో లారీ టెస్లర్, టిమ్ మాట్ అనువారు జిప్సీ అను ఎడిటరును నిర్మించిరి. అది గిన్ అను పాఠ్యపుస్తక ప్రచురణ సంస్థవారి కొరకు చేసినది. పుస్తకములు దిద్దువారు కాగితము మీద ఏ విధముగా పని చేయుదురో చూచి, కత్తిరించుట, అతికించుట అను మాటలను వారి బల్లల మీది కత్తెర, జిగురుల నుండి తీసుకొనిరి. మౌస్‌ను మాట మీదుగా లాగి ఎంచుకొనుట కూడ అందులోనిదే. అంతకు ముందు అక్కడనే వాడుకలో నున్న బ్రావో అను ఎడిటరును గూర్చి ఒక కథ చెప్పుకొందురు. బ్రావో ఆజ్ఞలు వినుచున్న స్థితిలో నున్నదని మరచి, ఒకడు ‘ఎడిట్’ అను ఆంగ్లపదమును టైపు చేసెను. మొదటి అక్షరము పత్రమునంతను ఎంచుకొనెను. రెండవది దానిని తుడిచివేసెను. మూడవది కొత్త పాఠమునకు తలుపు తీసెను. నాలుగవది ఆ కొత్త పాఠమయ్యెను. పుస్తకమంతయు పోయి ఒక్క టకారము మిగిలెను. మీటకు స్థితినిబట్టి అర్థము మారు పద్ధతికి టెస్లర్ కడవరకు విరోధియై యుండి, 2020లో మరణించెను.

ఎంచుకొనుట ముందా, ఆజ్ఞ ముందా అను తగవు ప్రోగ్రామరులలో నేటికిని కలదు. 1976లో బిల్ జాయ్ వ్రాసిన వీఐ అను ఎడిటరులో ఆజ్ఞ ముందు. ‘తుడువుము’ అను మీట నొక్కి, తరువాత ‘మాటను’ అను మీట నొక్కవలెను. అది ఆంగ్లవాక్యపు నడక: క్రియ ముందు, కర్మ వెనుక. వీఐ వంశములో పుట్టిన విమ్‌ను నేటికిని ఎందరో ప్రాణప్రదముగా చూచుకొందురు. తెలుగువాడు ‘ఆ మాటను తీసివేయుము’ అనును. కర్మ ఏదియో తేలినగాని క్రియ నోట రాదు. తరువాతి కాలమున వచ్చిన కకూన్, దాని దారినే నడచిన హీలిక్స్, ఈ క్రమమును త్రిప్పివేసినవి. ముందుగా మాట మీద రంగు పడును. సరిగా పడినదో లేదో కన్ను చూచుకొనును. ఆ పిదపనే తుడుచు మీట. వానిని నిర్మించినవారు తెలుగు వాక్యమును చూచి ఇట్లు చేయలేదు, పొరపాటు ముందుగా కనబడునని చేసిరి. విమ్‌లోను ముందు ఎంచుకొనుటకు వేరొక స్థితి యున్నది గాని, పట్టుదల గలవారు దానిని పసివాండ్ర ఊతకర్రగా చూతురు. వారి వేగమును ఎవరును కాదనరు. అయినను తెలుగు పిల్లలకు ఎడిటరు నేర్పు అయ్యవారు కర్మ ముందు, క్రియ వెనుక అను క్రమముతో మొదలుపెట్టుట మేలు. వారి నోటికి అదివరకే వచ్చిన నడకను వ్రేళ్లచేత మరపించుటలో లాభము లేదు.

క్రమము సరియైనను హద్దు తప్పినచో ప్రయోజనము సున్న. స్త్రీ అను మాట చదువువానికి ఒక్క అక్షరము. నిల్వలో ఆరు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము. వీనిని ఎచ్చట విడదీయవచ్చునో, ఎచ్చట విడదీయరాదో తెలుపు సూత్రములను యూనికోడ్ సంఘమువారు చిరకాలము క్రిందటనే ప్రకటించిరి. వాని ప్రకారము గుణింతపు గుర్తు హల్లును వదలదు. పొల్లు తరువాతి హల్లు మాత్రము వేరైపోవును. అనగా స్త్రీ మూడు ముక్కలు: స్, త్, రీ. ఈ విభజనను చూచి నవ్వని తెలుగు పంతులుండడు. పొల్లుతో అతికిన హల్లులను ఒక్కటిగా చూడవలెనను సూత్రము 2023 సెప్టెంబరులో, 15.1 సంచికలో గాని చేరలేదు. దేవనాగరి, బంగాళీ, గుజరాతీ, ఒరియా, మలయాళములతో పాటు తెలుగునకును అది వర్తించును. పట్టికలో చోటు దొరకిన ముప్పదిరెండేండ్లకు, ఒత్తు తన అక్షరములో భాగమేయని ఒప్పుకొనిరన్నమాట. సూత్రము వెలువడుట వేరు, ఎడిటరులు దానిని పాటించుట వేరు. పాతదానినే పట్టుకొని వ్రేలాడు ఎడిటరులో రంగు పట్టి ‘ల్లి’ నడిబొడ్డున ఆగును. పై హల్లునకును క్రింది ఒత్తునకును నడుమ నిలువుగీత గీయుట సాధ్యము కాదు గనుక, యంత్రము అక్షరపు వెడల్పును అందాజుగా పంచి సగము వరకు పూయును. ఆ సగము దేనిదో పూసినదానికే తెలియదు.

ఇందులో ఒక మినహాయింపు న్యాయమైనది. వెనుకకు చెరుపు బ్యాక్‌స్పేస్ మీట అక్షరమునంతను మ్రింగరాదు. ‘గు’ వ్రాయబోయి ‘గూ’ వ్రాసినవాడు దీర్ఘమును మాత్రము తీసి కొమ్ము పెట్టుకొనదలచును. అంతయు తుడిచి మరల మొదలుపెట్టుమనుట వానిని శిక్షించుటయే. వ్రాయునపుడు అక్షరమును ముక్కముక్కగా కట్టుదుము, ముక్కముక్కగానే విప్పవలెను. ఎంచుకొనునపుడు చదువువాని కన్ను పని చేయును. అక్కడ అక్షరము అఖండము.

ఎంచుకొనిన మాటతో ఎడిటరు చేయు ఉపకారము మరియొకటి కలదు. ఒక మాట మీద రంగు పడగానే, పత్రములో ఆ మాట ఉన్నచోటులందెల్ల లేతరంగు పడును. వీఎస్ కోడ్ వాడువారికిది అలవాటైన సంగతి. ఆంగ్లమున కిది బాగుగనే నడచును. తెలుగున ‘కొల్లేరు’ను ఎంచుకొనినచో కొల్లేరులన్నియు వెలుగును, ‘కొల్లేటి చేపలు’, ‘కొల్లేటికోట’ చీకటిలోనే యుండును. ఏలూరు వెలుగును, ఏలూరి వారు మిగిలిపోవుదురు. ఔపవిభక్తికములని పేరు పెట్టి బడులలో వల్లెవేయించిన సంగతినే ఎడిటరునకు ఎవరును చెప్పలేదు. మరియొక వింత: ఏలూరులో ఊరున్నదని చెవి గలవారెల్లరు ఎరుగుదురు. ‘ఊరు’ అని వెదకు ఎడిటరునకు ఏలూరులో గాని, ఉంగుటూరులో గాని ఊరు దొరకదు. మాట మొదట వచ్చు ఊకారమునకు ఒక సంఖ్య, హల్లుతో కలియు కొమ్ముదీర్ఘమునకు వేరొక సంఖ్య. ఇక దొరకరానిచోట దొరకుటయు కలదు. కృష్ణకు ఆవల గుంటూరు జిల్లాలోని తాడేపల్లిని ఎంచుకొని మార్పబోయినవాడు, మాట పూర్తిగా సరిపోవలెనను నిబంధన పెట్టుకొననిచో, తాడేపల్లిగూడెం తల కూడ మారిపోవును.

నిబంధన పెట్టుకొనినను నిశ్చింత లేదు, ఏలయన ‘మాట’ యన నేమో ఆ యా భాషలను నిర్మించినవారు తమకు తోచినట్లు నిర్ణయించిరి. జావాస్క్రిప్టులో మాటలోని అక్షరమును సూచించుటకు వాడుకలో నున్న గుర్తు 63 చిహ్నములను మాత్రమే గుర్తించును: ఆంగ్లాక్షరములు చిన్నవి, పెద్దవి, పది అంకెలు, ఒక అడుగుగీత. తెలుగు మొత్తము దాని దృష్టిలో మాట కాదు. పైథాన్ కొంత ఉదారము. 2008లో వెలువడిన దాని మూడవ రూపము ‘ఉంగుటూరు’ అను పేరును చరరాశికి పెట్టుకొనుటకు ఒప్పుకొనును. అయితే అదే పైథాన్‌లో మాటలను ఏరు సాధనము ఆ పేరును ఉ, గ, ట, ర అని నాలుగు ముక్కలు చేసి చేతిలో పెట్టును. సున్నయు, కొమ్ములును నేలపాలు. ఒక ఇంటిలోనే ఒకరు పిలిచి పీట వేయుదురు, మరియొకరు విస్తరి లాగివేయుదురు.

ఈ ఉపేక్ష ఒకసారి లోకమంతటికి తెలిసెను. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను అక్షరము, నడుమ కంటికి కనబడని ఒక సంకేతముతో కూడి ఐఫోనునకు చేరినచో, దానిని చూపబోయిన యాప్ కుప్పకూలుచుండెను. ఆపిల్ సంస్థవారు ఆ నెల 19వ తేదీన సవరణను వెలువరించిరి. తెలుగు అక్షరము ఫోనులను పడగొట్టుచున్నదని వార్తలు వచ్చినవి. దేవనాగరిలోను, బంగాళీలోను కొన్ని సంయుక్తాక్షరములకు అదే గతి పట్టినదని తరువాత తేలెను. అక్షరమును అమర్చుటలో లెక్క తప్పిన యంత్రమును వదలి, నేరము అక్షరము మీదనే మోపిరి.

తెలుగు లిపి జటిలమనియు, యంత్రమునకు కొంత కష్టము తప్పదనియు వాదించువారు కలరు. రెండవ తరగతి పిల్లవాడు వ్రేళ్ల మీద చెప్పగల లెక్కను జటిలమనుట హాస్యాస్పదము. అసలు లోపము మరియొకచోట నున్నది. ఈ జిల్లాల నుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు, అమెరికాకు పోయి ప్రోగ్రాములు వ్రాయుచున్నవారు ఎందరో కలరు. వారి కోడు ఆంగ్లములో నుండును; తెలుగు ఎప్పుడైన వచ్చినచో అది ఇతరుల సరకువలె కొటేషను గుర్తుల నడుమ కట్టిపెట్టబడి యుండును. దానిని దిద్దవలసివచ్చినవాడు రెండు గీతల నడుమనున్నదానినంతను ఎంచుకొని, తీసి, కొత్తది అతికించి ముందుకు పోవును. లోపలి అక్షరము తెగినదో లేదో చూచువాడు లేడు. పట్టాదారు పాసుపుస్తకములోను, ఓటర్ల జాబితాలోను ఉండునవి ఆ అక్షరములే. సుబ్బమ్మ ఒత్తు జారి సుబమ్మయైనచో, ఆమె తానే సుబ్బమ్మనని ఋజువు చేసుకొనుటకు కాగితములు పట్టుకొని తిరుగవలెను.

ఇందుకు ప్రభుత్వపు ఉత్తరువులు అక్కరలేదు. విమ్, ఈమాక్స్, హీలిక్స్ అను ఎడిటరుల మూలములు అందరికిని తెరచియున్నవి. వీఎస్ కోడ్ మూలములో పెద్దభాగమును అట్టిదే. లోపమును ఎవరైనను తెలుపవచ్చును. పరీక్షించుటకు పెద్ద విద్య కూడ అవసరము లేదు. కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ పేరును ఎడిటరులో వ్రాసి, కర్సరును మొదట నిలిపి, కుడివైపు బాణపు మీటను నొక్కుచు చివరికి ఎన్ని నొక్కులలో చేరునో లెక్కింపవలెను. పదమూడు పట్టినచో అది సంకేతములను లెక్కించుచున్నది. ఏడు పట్టినచో పాత సూత్రము దగ్గర ఆగినది. పె, ద్దిం, ట్ల, మ్మ అని నాలుగింట చేరినచో సరి. ఆ సంఖ్యను, ఎడిటరు పేరును, దాని సంచిక సంఖ్యను చేర్చి నిర్మాతలకు వ్రాయు ఉత్తరము నాలుగు పంక్తులకు మించదు.