కంటి లెక్క ఛాతీ బ్యాడ్జీలో దొరకదు

గుండెపోటుతో వచ్చిన మనిషికి క్యాథ్ ల్యాబ్‌లో స్టెంట్ వేసి బతికిస్తున్నారు. ఆ పని జరుగుతున్నప్పుడు బల్ల కింద ఉన్న ట్యూబు నుంచి ఎక్స్‌రే వస్తుంటుంది. అది రోగి శరీరానికి తగిలి చెదిరి, పక్కన నిలబడ్డ డాక్టర్, నర్సు, టెక్నీషియన్ల మీద పడుతుంది. ఒంటికి లెడ్ ఏప్రాన్, మెడకు కాలర్ రక్షణగా ఉంటాయి. కళ్లకు చాలాచోట్ల ఏమీ ఉండదు.

మన దేశంలో రేడియేషన్ పనిలో ఉన్నవారికి టీఎల్‌డీ బ్యాడ్జీ ఇస్తారు. ఏప్రాన్ లోపల, ఛాతీ దగ్గర పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి దాన్ని ప్రయోగశాలకు పంపితే ఒంటికి అందిన మోతాదు తేలుతుంది. సీసం చాటున ఉన్న బ్యాడ్జీలో అంకె తక్కువే వస్తుంది. ఆ అంకె చూసి కళ్లు కూడా క్షేమమనుకుంటే ప్రమాదం.

కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌ల దాకా ఫరవాలేదని ఒకప్పుడు అనుకునేవారు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో దాన్ని అయిదేళ్ల సగటున ఏడాదికి 20కి తగ్గించింది. ఏ ఒక్క ఏడాదిలోనూ 50 దాటకూడదంది. 0.5 గ్రే మోతాదు చేరినా శుక్లం రావచ్చని తేలడమే కారణం. ఐరోపా సమాఖ్య 2013లో, జపాన్ 2021లో కొత్త పరిమితిని తమ నిబంధనల్లోకి తెచ్చుకున్నాయి.

భయం ఊహాజనితం కాదు. మలేసియాలో 56 మంది కార్డియాలజిస్టుల కళ్లు పరీక్షిస్తే 52 శాతం మందిలో కటకం వెనుక భాగంలో మార్పులు కనిపించాయి. నర్సుల్లో అది 45 శాతం. రేడియేషన్ సోకనివారిలో 9 శాతమే. పరీక్షించినవారు కొద్దిమందే, మార్పు కనిపించినవారందరికీ చూపు తగ్గిందనీ కాదు. అయినా అంత తేడాను కొట్టిపారేయలేం.

మరి కంటి మోతాదును ఎలా కొలవాలి? కటకం కంటి పైపొర కింద కొద్ది లోతులో ఉంటుంది కాబట్టి 3 మిల్లీమీటర్ల లోతున పడే మోతాదును లెక్కగడతారు. అందుకు చిన్న డోసిమీటర్‌ను కంటి పక్కనే అమర్చాలి. డాక్టర్ సాధారణంగా రోగికి కుడివైపు నిలబడతారు, ట్యూబు ఆయనకు ఎడమవైపు ఉంటుంది. అందుకే ఎడమ కంటికి దెబ్బ ఎక్కువ, కొలత కూడా అక్కడే తీయాలి. లెడ్ కళ్లద్దాలు పెట్టుకుంటే లెక్క మరింత చిక్కుపడుతుంది. కిరణాలు కింది నుంచి, పక్క నుంచి వచ్చి అద్దానికీ చెంపకూ మధ్య సందులోంచి దూరతాయి. అద్దంలోని సీసం మందాన్ని బట్టి ఆశించినంత రక్షణ అందదు. కంటి పక్కన అమర్చే పరికరం లేనిచోట కాలర్ పైన, ఏప్రాన్ బయట రెండో బ్యాడ్జీ పెట్టినా ఉజ్జాయింపు అంచనా వస్తుంది.

ఇందుకు పెద్ద ఖర్చు కాదు, కావలసింది పట్టింపు. డాక్టర్లకే పరిమితం చేయకుండా నర్సులకు, కాంట్రాక్టు టెక్నీషియన్లకు కూడా రెండో బ్యాడ్జీ ఇవ్వండి. పైకప్పు నుంచి వేలాడే సీసపు తెర ఉంటే ప్రతి కేసులోనూ వాడండి. ఏటా కంటి పాపను పెద్దది చేసి కటకానికి పరీక్ష చేయించండి. ఆసుపత్రి యాజమాన్యాలకు విన్నపం ఇదే.