ఒక్క కుండీయే కదా అనుకుంటే...

ఇంట్లో గంజాయి మొక్క ఎలా పెంచాలో చూపించే వీడియోలకు ఇంటర్నెట్‌లో కొదవ లేదు. ఎల్‌ఈడీ లైట్లు, టైమర్లు, తేమ సెన్సర్లు... ఇంజినీరింగ్ చదివే కుర్రాళ్లకి అది నేరంలా కాదు, మంచి మినీ ప్రాజెక్టులా కనిపిస్తుంది. అమ్మడానికి కాదు, ఒక్క కుండీయే కదా అనే ధీమా ఒకటి. ఆ ధీమాకి మన చట్టంలో చోటు లేదు.

ఆ వీడియోలు చాలావరకు ఎక్కడివో గమనించండి. కెనడాలో 2018 అక్టోబరు నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి 4 మొక్కల వరకు పెంచుకోవచ్చు. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి 18 ఏళ్లు దాటినవాళ్లు 3 మొక్కలు పెంచుకోవచ్చు. వాళ్ల చట్టం ఒప్పుకున్న పనిని వాళ్లు చూపిస్తున్నారు. మన దగ్గర ఉన్నది 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. అనుమతి లేకుండా గంజాయి మొక్క పెంచితే సెక్షన్ 20(ఎ) కింద 10 ఏళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

'కిలో లోపు అయితే చిన్న కేసే' అని హాస్టళ్లలో ఒక మాట తిరుగుతుంటుంది. ఎండు గంజాయి దొరికిన కేసుల్లో బరువును బట్టి శిక్ష మారే మాట నిజమే. కిలో వరకు అయితే ఏడాది దాకా జైలు, లేదా 10 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ సాగుకు ఈ మెట్లు లేవు. కుండీలో ఒకటున్నా, ఎకరంలో వెయ్యున్నా సెక్షన్ అదే. పైగా 'మొక్క నాది కాదు, రూమ్‌మేట్‌ది' అన్నంత మాత్రాన బయటపడలేరు. తెలిసి తెలిసి గదిని అందుకు వాడుకోనిస్తే సెక్షన్ 25 వర్తిస్తుంది.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకి అసలు దెబ్బ తీర్పు కన్నా ముందే తగులుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసుందా అని అడుగుతారు. దాచిపెడితే వచ్చిన ఉద్యోగం కూడా పోవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. క్రిమినల్ కేసు కోర్టులో నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించే అధికారం చట్టంలోనే ఉంది. ఎమ్మెస్‌కి అమెరికా వెళ్లాలనుకుంటే వీసా దరఖాస్తు డీఎస్-160లో డ్రగ్స్ చట్టాలను ఎప్పుడైనా ఉల్లంఘించారా అని నేరుగా ప్రశ్న ఉంటుంది. కాలిఫోర్నియాలో గంజాయి చట్టబద్ధమే కావచ్చు. వీసాలు మాత్రం ఫెడరల్ చట్టం చేతిలో ఉంటాయి.

మన చట్టం మరీ కఠినం అనే వాదనకూ చోటుంది. ఉత్తరాఖండ్ ప్రభుత్వం మత్తు అంశం చాలా తక్కువగా ఉండే జనపనార రకం గంజాయి సాగుకు లైసెన్సులిస్తోంది. 2021లో జనపనార గింజల్ని ఆహారంగా అమ్మేందుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ప్రమాణాలు తెచ్చింది. అంటే తలుపులు లైసెన్సు దారిలో కొద్దికొద్దిగా తెరుచుకుంటున్నాయి. చట్టం మారాలనుకునేవాళ్లు ఆ వాదన బహిరంగంగా చేయాలి. బాల్కనీలో రహస్యంగా పెంచితే చట్టం మారదు, మీ బయోడేటా మారుతుంది.

నిజంగా ఆ సెటప్ మీదే ఆసక్తి ఉంటే అదే లైటు, అదే టైమరు, అదే పీహెచ్ మీటరుతో లెట్యూస్, తులసి, స్ట్రాబెర్రీ పెంచండి. ఒక ఆర్డునో బోర్డు తగిలించి నాలుగు నెలల ఉష్ణోగ్రత, తేమ, కరెంటు ఖర్చు నమోదు చేయండి. హైడ్రోపోనిక్స్, పాలీహౌస్ ఆటోమేషన్ సంస్థల ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ తెరిచి చూపించగలిగే ప్రాజెక్టు అది. ఇక మీ గదిలో ఎవరైనా ఇప్పటికే మత్తుకు అలవాటు పడి ఉంటే, 14446 టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేస్తే డీ-అడిక్షన్ సాయం దొరుకుతుంది.