వార్నిష్‌కు ముందు

తాతగారి ఫోటోను చెక్కపెట్టె మూతకు అతికించి వార్నిష్ కొట్టాలనుకుంటున్నారా? అసలు ఫోటో జోలికి వెళ్లకండి. అతికించాక వెనక్కి తీయడం అసాధ్యం. లేజర్ ప్రింట్ తీయించండి. మామూలు ఇంక్‌జెట్ రంగులు తడి తగిలితే అలుక్కుపోతాయి. ఫెవికాల్‌తో అతికించి, గాలిబుడగలు పోయేలా మధ్య నుంచి అంచులకు నొక్కండి. ఆరాక నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను పల్చగా రెండుసార్లు పూయండి. ఈ పూత లేకుంటే కాగితం వార్నిష్‌ను పీల్చుకుని నూనె అంటినట్టు మరకలు పడుతుంది. అదీ ఆరాకే వార్నిష్. నూనె రకం కాలక్రమేణా పసుపెక్కుతుంది, నీటి రకంతో ఆ బెడద తక్కువ. థిన్నర్ కలిపే లక్కర్ మాత్రం వద్దు, అది లేజర్ ప్రింట్‌ను కరిగించగలదు. ముందుగా పనికిరాని చెక్కముక్క మీద పరీక్షించుకోవడం మేలు. అసలు ఫోటో ఆల్బమ్‌లోనే భద్రంగా ఉంటుంది.