ఆట వచ్చింది, షరతు రాలేదు

ఏటా ఆగస్టు ముగిసే వేళకు బ్రిటన్ టెలివిజన్ సంస్థలు కొత్త సీజన్ కార్యక్రమాలను ప్రకటిస్తుంటాయి. అక్కడ సెప్టెంబర్ నుంచి పొద్దు తగ్గుతుంది, చలి మొదలవుతుంది, జనం సాయంత్రానికే ఇళ్లు చేరతారు. బీబీసీ, ఐటీవీ, ఛానల్ 4 తమ పెద్ద నాటకాలను, పోటీలను, హాస్య ధారావాహికలను ఆ రోజుల కోసమే దాచిపెట్టుకుంటాయి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నుంచి అలసి ఇల్లు చేరిన మనిషికీ, గిద్దలూరులో రాత్రి కొట్టు మూసి వచ్చిన వ్యాపారికీ ఆ జాబితాతో ఏం పని అనిపించడం సహజం. కానీ అక్కడ గెలిచిన కార్యక్రమం కొన్నేళ్లు తిరిగేసరికి మన ఇంటి టీవీలోనే కనిపిస్తోంది.

1998లో ఐటీవీ మొదలుపెట్టిన ‘హూ వాంట్స్ టు బి ఎ మిలియనీర్’ 2014లో ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ అయి నాగార్జునతో మాటీవీలోకి వచ్చింది. 1990లో బీబీసీలో పుట్టిన ‘మాస్టర్ చెఫ్’ 2021లో జెమినీ టీవీలో తెలుగు వంట వండింది. ‘బిగ్ బాస్’ మూలం నెదర్లాండ్స్‌దే అయినా, మన దేశంలో ఇంటింటికీ ఆ పేరు పాకింది 2007లో బ్రిటన్ పోటీలో శిల్పాశెట్టి గెలిచాకనే. ఆట వచ్చింది, సెట్టింగులు వచ్చాయి, దీపాలు కూడా వచ్చాయి. ఆ దేశంలో టీవీ సంస్థల మెడకు కట్టిన ఒక షరతు మాత్రం రాలేదు.

ఆ షరతు ఏమిటంటే, దేశంలో ఉన్న అన్ని సమాజాల వారినీ తెరపై చూపాలి. 2017లో అమల్లోకి వచ్చిన బీబీసీ చార్టర్ ఆ సంస్థకు నిర్దేశించిన లక్ష్యాల్లో ఇది ఒకటి. 1982లో ఛానల్ 4ను స్థాపించినప్పుడే, మిగతా ఛానళ్లు పట్టించుకోని వారి అభిరుచులను తీర్చాలని చట్టంలో పెట్టారు. ఆఫ్‌కామ్ అనే నియంత్రణ సంస్థ దీనిపై కన్నేసి ఉంచుతుంది. బీబీసీ ఖర్చును ప్రేక్షకులే లైసెన్సు రుసుముగా భరిస్తారు. 2025 ఏప్రిల్‌లో అది ఏడాదికి 174.50 పౌండ్లు అయింది. మన దగ్గరా ఒకప్పుడు ఇలాంటి లైసెన్సు ఉండేది. రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసు మెట్లెక్కిన పెద్దలు మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. 1980ల్లో దాన్ని ఎత్తేశారు. రుసుము పోయినందుకు అందరం సంతోషించాం. రుసుము కట్టినవాడికి నిలదీసే హక్కు ఉంటుందని, అదీ దాంతోపాటే పోయిందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

షరతు ఉన్నంత మాత్రాన అక్కడ అంతా సవ్యంగా ఉందనుకోవద్దు. 2012లో బీబీసీ ‘సిటిజన్ ఖాన్’ అనే హాస్య ధారావాహిక ప్రసారం చేసింది. బర్మింగ్‌హామ్‌లోని ఒక పాకిస్తానీ కుటుంబం కథ. రాసి నటించిన ఆదిల్ రే కూడా ముస్లిమే. అయినా తమను ఎగతాళి చేశారని వందల మంది ఫిర్యాదు చేశారు. ఆ ధారావాహిక ఆగలేదు, 2016 వరకు నడిచింది. 2013 రంజాన్‌లో ఛానల్ 4 తెల్లవారుజామున అజాన్ ప్రసారం చేస్తే మెచ్చుకున్నవారు ఎందరో, విరుచుకుపడినవారూ అందరే. 2015లో ‘గ్రేట్ బ్రిటిష్ బేక్ ఆఫ్’ కేకుల పోటీలో తలపై స్కార్ఫ్ కట్టుకున్న బంగ్లాదేశీ సంతతి గృహిణి నదియా హుస్సేన్ విజేతగా నిలిచింది. కోటీ ముప్పై లక్షల మందికి పైగా ఆ ముగింపు పోటీని చూశారు. తర్వాత పదేళ్లు ఆమె వంటల కార్యక్రమాలు బీబీసీలో వచ్చాయి. 2025లో కొత్తది చేయించుకోవడం లేదని బీబీసీ చెప్పేసింది. కాబట్టి అక్కడా దొరికిన చోటు శాశ్వతం కాదు. అయితే చోటు పోయినప్పుడు ఎందుకు పోయిందని పత్రికలు అడుగుతాయి, సంస్థ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. మనకు లేనిది ఇదే.

2017లో నటుడు రిజ్ అహ్మద్ బ్రిటన్ పార్లమెంటు భవనంలో ఈ విషయంపైనే మాట్లాడాడు. తెరపై తమను తాము చూసుకోలేని యువకులు ఆదరణ కోసం వేరే చోట వెతుక్కుంటారని హెచ్చరించాడు. ఆ ప్రసంగం విన్న కొందరు అతని పేరుతో ఒక పరీక్ష తయారుచేశారు. సినిమాలో గానీ నాటకంలో గానీ ముస్లిం పాత్ర ఉంటే ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. ఆ పాత్ర ఉగ్రవాదం గురించి మాట్లాడేదో, చేసేదో, దానికి బలయ్యేదో అయి ఉందా? కారణం లేకుండా కోపంతో ఊగిపోతుందా? మూఢనమ్మకాల్లో కూరుకుపోయిందా? పాశ్చాత్య జీవన విధానానికి ప్రమాదంగా కనిపిస్తుందా? మగవాడైతే ఆడవాళ్లను హీనంగా చూస్తాడా, ఆడదైతే అణగిపోయి ఉందా? ఒక్కదానికి అవునన్నా ఆ పాత్ర పరీక్ష తప్పినట్టే.

ఈ పరీక్షను మన తెరకు పెట్టి చూడండి. 2002లో కృష్ణవంశీ తీసిన ‘ఖడ్గం’ టీవీలో వస్తే మనలో చాలామందిమి ఛానల్ మార్చం. ప్రకాశ్‌రాజ్ వేసిన ఆటో డ్రైవర్ అంజద్ మంచివాడు, దేశభక్తుడు. కానీ అతని తమ్ముడు ఉగ్రవాదుల్లో కలిశాడు. అంజద్ మంచితనమంతా ఆ తమ్ముడి పక్కన నిలబెట్టి రుజువు చేయించిందే. మొదటి ప్రశ్నకే ఆగిపోతాడు. పిల్ల ఫీజు కట్టడానికో, ఇంటి కప్పు బాగుచేయించడానికో అవస్థపడే అంజద్‌ను ఎవరైనా చూపించారా? ఇక సాయంత్రం ఆరు నుంచి పది దాకా సాగే సీరియళ్లలో ఒక ముస్లిం ఇల్లే కథకు నడుమ ఉన్నది మీకెన్ని గుర్తొస్తాయో లెక్కపెట్టుకోండి.

ఉర్దూ ఛానళ్లు ఉన్నాయి కదా అనేవారున్నారు. 2001 ఆగస్టు 15న రామోజీ ఫిల్మ్ సిటీ నుంచి ఈటీవీ ఉర్దూ మొదలైంది. తర్వాత చేతులు మారి 2018లో న్యూస్18 ఉర్దూ అయింది. దూరదర్శన్‌కూ ఉర్దూ ఛానల్ ఉంది. మంచిదే. కానీ కంభం, గిద్దలూరు, మార్కాపురం పల్లెల్లోని దూదేకుల ఇళ్లలో అమ్మ పిలుపు నుంచి తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలోనూ చాలామంది పిల్లలకు చదువు తెలుగులో, ఇంగ్లీషులో. లక్నో ఉర్దూలో వార్తలు చదువుతుంటే నానీ తలాడిస్తుంది, మనవరాలు రిమోట్ అందుకుంటుంది. ఆ పిల్లకు కావలసింది తెలుగులో తన ఇల్లు.

కథలు లేవని మాత్రం ఎవరూ అనలేరు. పక్కనే ఉన్న నెల్లూరు జిల్లా కావలి నుంచి మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ రాశారు. 1999లోనే పుస్తకంగా వచ్చింది. స్కైబాబ సంకలనం చేసిన ‘వతన్’ 2004లో వచ్చింది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’కు 2012లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం దక్కింది. పండుగ, పేదరికం, చదువు, అమ్మానాన్నల కీచులాట అన్నీ ఉన్న కథలివి. ఏ నిర్మాతైనా వీటితో ఏడాది సీరియల్ నడపవచ్చు.

నడపడు. ఎందుకంటే అతను చూసేది రేటింగు. దేశంలో టీవీ ఉన్న ఇళ్లు 20 కోట్లకు పైనే. వీక్షణ లెక్కగట్టే బార్క్ మీటర్లు ఉన్నది యాభై వేల పైచిలుకు ఇళ్లలో. అంటే దాదాపు నాలుగు వేల ఇళ్లకు ఒకటి. ఆ ఒక్క ఇల్లు మన వీధిలో ఉండే అవకాశం ఎంత? మన చట్టాలు కూడా ఎక్కువగా ఏం చూపకూడదో చెబుతాయి. 1995 కేబుల్ చట్టం కింద ఉన్న ప్రసార నియమావళి ఏ మతాన్నీ కించపరచవద్దంటుంది. కించపరచకపోవడం వేరు, చూపించడం వేరు. అసలు కనిపించనివాడిని కించపరిచారని ఏ నియమం కింద ఫిర్యాదు చేస్తాం?

చేతిలో ఏమీ లేదా అంటే, రెండు ఉన్నాయి. మొదటిది 1990 నాటి ప్రసార భారతి చట్టం. అల్పసంఖ్యాక వర్గాల ప్రత్యేక అవసరాలకు తగిన కార్యక్రమాలు ఇవ్వాలని దాని 12వ సెక్షన్ చెబుతోంది. దూరదర్శన్, ఆకాశవాణి దీనికి కట్టుబడినవి. మార్కాపురంలోనే ఆకాశవాణి కేంద్రం ఉంది. హైదరాబాద్ ఆకాశవాణి ‘నైరంగ్’ పేరుతో ఉర్దూ కార్యక్రమం నడిపింది. మన ప్రాంతపు ముస్లింల గురించి తెలుగులో ఒక వారపు కార్యక్రమం అడగడానికి ఢిల్లీ దాకా పోనక్కరలేదు, మార్కాపురం బస్సెక్కితే చాలు.

రెండోది ప్రైవేటు ఛానళ్లకు సంబంధించింది. 2022 నవంబర్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం అవి రోజుకు అరగంట ప్రజాహిత కార్యక్రమాలు వేయాలి. విద్య, వ్యవసాయం, ఆరోగ్యం, మహిళా సంక్షేమం, బలహీన వర్గాల సంక్షేమం, జాతీయ సమైక్యత వంటి ఎనిమిది అంశాలు సూచించారు. ఆ అరగంటను ముక్కలుగా వేసుకోవచ్చు, అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు మధ్య వేస్తే మాత్రం లెక్కలోకి రాదు. ఏం వేశారో ప్రతి నెలా ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో నివేదించాలి కూడా. మన ఇళ్లలో నడిచే తెలుగు ఛానళ్ల పేర్లు రాసి, గత ఏడాది ఆ అరగంటల్లో ముస్లిం కుటుంబాల చదువు గురించీ బతుకుతెరువు గురించీ ఎన్ని నిమిషాలు వేశారని సమాచార హక్కు చట్టం కింద కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖను అడగవచ్చు. దరఖాస్తుకు పది రూపాయలు.